దీపం పెట్టిన చోటు

పొద్దున ఏడుంబావుకు పాలిష్ పనాయన వసారాలో డబ్బా మూత తీశాడు. వసారా చెక్క నేలకు ఏ రంగు వేయించాలో నేనూ, పెనుకొండ నుంచి మొదటి బస్సుకు వచ్చిన అక్కా ఇంకా తేల్చుకోలేదు. అమ్మకానికి పెట్టిన ఇల్లు చూడడానికి ధర్మవరం వాళ్లు మరుసటి రోజు వస్తామన్నారు.

తొంభైల చివరి సంగతి. హిందూపురంలో మా వీధి మొత్తానికి వసారాలో చెక్క నేల మా ఇంటికే ఉండేది. నాయనకు కట్టెల డిపో. అమ్ముడుపోని టేకు పలకలు తెచ్చి పరిపించాడు. ప్రతి ఉగాదికి ముందు చెనిక్కాయ నూనెలో గుడ్డ తడిపి, మోకాళ్ల మీద వంగి, వాటిని రుద్దేవాడు. ఇంకెవరినీ రుద్దనిచ్చేవాడు కాదు.

ఆయన ఆ వసారాలోనే పోయాడు. ప్రాణం పోయిన చోట, కర్మ అయ్యేదాకా ఆరకుండా దీపం పెట్టాం. ప్రమిద నూనె కారి పలకలోకి ఇంకింది. అరచేయంత నల్ల మచ్చ మిగిలింది. అది దేని మచ్చో మా వైపు ఎవరికీ చెప్పక్కరలేదు. అంతకుముందు ఇల్లు చూడను వచ్చినవాళ్లు దాన్ని చూసి, లోపలికి కూడా రాకుండా వెళ్లిపోయారు. నా ఉద్యోగం వేరే ఊళ్లో. ఇంకో వానాకాలం ఇంటికి తాళం వేసి ఉంచితే పలకలు చెదల పాలే.

పనాయన తలుపు వెనక ఒక పలక మీద రంగులు పూసి చూపించాడు. టేకు రంగు నాయన నేలలాగే ఉంది. అందుకే అది మచ్చను దాచదు. రోజ్‌వుడ్ రంగు దాచేటట్టుంది.

"నల్లంగా ఉండేదే వెయ్యప్పా," అంది అక్క.

"నాయన చూసింటే?" అన్నాను.

"చూసింటే డబ్బాతో పాటు మనల్నీ వీధిలోకి తోస్తాండె. ఉన్నాడా, తోసేకి?"

గరుకు కాగితంతో నేలంతా రుద్ది రంగు పూశారు. సాయంత్రానికి వసారా ముదురు రంగుకు తిరిగింది. దీపం పెట్టిన చోట మాత్రం, నూనె లోతుకు ఇంకి ఉండడంతో, రంగు పట్టలేదు. మళ్లీ పూస్తే గుడ్డకే వచ్చేసింది. గరుకు కాగితానికి నల్ల మచ్చ పోయి, ముదురు నేల మధ్య లేత గుండ్రం తేలింది. ఇదివరకు వసారా ఎక్కితేనే కనబడేది. ఇప్పుడు వీధిలోకే కనబడుతోంది.

"అన్ని పుస్తకాలు చదివినావు. నూనె మింద రంగు నిలబడదని యాడా రాయల్లేదా?" అని, అక్క నాయన కుర్చీ తెచ్చి దాని మీద వేసింది.

మర్నాడు ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారి ఒకాయన వాళ్లమ్మతో వచ్చాడు. కుర్చీ వైపు చూడకూడదనుకుంటూనే, దాన్నే చూస్తూ మాట్లాడాను. అక్క పెద్దామెకు ఇంకో కుర్చీ వేసింది.

"నాకు నేలే సుకం," అని ఆమె, అడ్డంగా ఉందని నాయన కుర్చీని పక్కకు జరిపింది. కిందికి చూసింది.

"దీపం పెట్టినారా?"

"అవునవ్వా. మా నాయనకు," అన్నాను.

"మరి కుర్చీ యాలప్పా?"

అక్క చెప్పింది.

"మీకు కనబడకూడదనే, అవ్వా."

పెద్దామె కొడుకు వైపు తిరిగింది. "మీ నాయనకు దీపం పెట్టిన చోట మనం గోనెసంచి పరిచినాం కదరా," అంది.

తర్వాత, పోయిన నక్షత్రం ఏదని అడిగింది. చెప్పాను. ఇల్లు మూసిపెట్టాల్సిన నక్షత్రమేమోనని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"దోషం లేదు. లోపల చూద్దాం పారా," అంది.

ఇల్లు వాళ్లే తీసుకున్నారు. కొన్నేళ్ల తర్వాత ఆ వీధిలో పోతూ చూశాను. పలకలు తీసేసి బండలు పరిచారు. ఉగాదికి ముందు ఆ వసారాకు ఇప్పుడెవరూ నూనె రుద్దరు.