కాగితాలాయన బాకీ

ఆ వీధిలో అందరికీ ఆవిడ జిరాక్సక్కే. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అని పిలిస్తే నవ్వి ఊరుకునేది. ఒక్క షట్టరు కొట్టు, అందులో ఒక పెద్ద మెషిను, ఒక స్టూలు. స్టూలు కస్టమర్లకి. ఆవిడ పదహారేళ్లుగా నిలబడే ఉంది.

భర్త ఎనిమిది నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన దక్కలేదు, అప్పులు మాత్రం దక్కాయి. ఆడపడుచు దగ్గర కొంత, బ్యాంకు కార్డు మీద కొంత, మెషిను లోను, కాగితాల షాపాయన దగ్గర అరువు. ఏడాదిపాటు ఫోను మోగితే చాలు, అప్పులవాళ్లేనని ఆవిడ ఉలిక్కిపడేది.

కాల్ సెంటర్లో పనిచేసే కూతురు ఒకరోజు ఆ ఫోను లాక్కుని తనే మాట్లాడటం మొదలుపెట్టింది. "అమ్మా, వాళ్లు మొదట చెప్పిన అంకెకి తలూపకు. మనం ఎంత కట్టగలమో మనం చెబుదాం" అంది. బ్యాంకు కార్డుకి నెలవారీ వాయిదాలు ఒప్పించింది. ఆడపడుచు వడ్డీ వద్దంది. మిగిలింది మెషిను లోను. ఆలస్యం రుసుములతో అది లక్షా నలభై వేలకు చేరింది. ఫైనాన్సువాళ్లు లక్షకి సరేనన్నారు. కూతురు డెబ్బై అంది. నాలుగు రోజుల బేరం తర్వాత ఎనభై దగ్గర తెగింది. నెలాఖరులోపు ఒకేసారి కడితే ఖాతా మూసేస్తారు. కట్టకపోతే మెషిను పట్టుకుపోతారు. మెషిను పోతే ఇక ఆ కొట్టులో మిగిలేది స్టూలే.

చేతిలో అరవై ఐదు ఉంది. బీరువాలో ఒక కవరులో ఇంకో పదిహేను ఉంది గానీ, అది కాగితాలాయనకి ఇవ్వాల్సిన మొదటి వాయిదా.

"ఆయన ఏమీ అనడు కదమ్మా, తీసి కట్టేద్దాం" అంది కూతురు.

"ఏమీ అనడనే కదా తియ్యనంటున్నాను! మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా డబ్బడక్కుండా కాగితం పంపాడు. అరిచేవాళ్లకి ముందిచ్చి, అరవనివాళ్లకి ఎగ్గొడతామా?" అంది తల్లి. పట్టు పడితే ఆవిడంతే, మెషిన్లో ఇరుక్కున్న కాగితంలా చిరుగుతుంది గానీ బయటికి రాదు.

చెడిపోయిన కాపీలను ఆవిడ పారేసేది కాదు, వెనకవైపు లెక్కలు రాసుకునేది. ఆ రాత్రి అప్పుల జాబితా కూడా అలాంటి కాగితం మీదే రాసి, మర్నాడు చూసుకుందామని మెషిను పక్కన పెట్టింది. మర్నాడు కాగితాలాయనే తన ఇంటి పత్రాలు పట్టుకొచ్చాడు, నలభై పేజీలు. హడావుడిలో జాబితా కూడా ఆ కట్టలో కలిపి పిన్ను కొట్టి ఇచ్చేసింది. పదహారేళ్లలో ఎవరికీ ఒక పేజీ తక్కువివ్వని మనిషి, ఆ రోజు ఒకటి ఎక్కువిచ్చింది.

సాయంత్రం ఆయన తిరిగొచ్చి ఆ కాగితం మెషిను మీద పెట్టాడు. అందులో ఇలా ఉంది: "మెషిను ఎనభై. ఉన్నది అరవై ఐదు. ఇంకా పదిహేను ఎక్కడ? కాగితాలాయన మొత్తం నలభై ఐదు. ఈ నెల పదిహేను. ఈయన్ని తగ్గించమని అడగకూడదు."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"ఎక్కడ అని రాశారు. కింద మీరే రాశారు కదమ్మా ఎక్కడుందో" అన్నాడాయన. "నాకివ్వాల్సిన ఆ పదిహేను ముందు మెషినుకి కట్టండి. నా వాయిదాలు మూణ్ణెల్లు వెనక్కి జరుపుకుందాం."

"మాటిచ్చాను అన్నయ్యగారూ."

"నేనే మార్చుకోమంటున్నాను కదా! ఇంకో సంగతి. డబ్బు కట్టకముందే, దీంతో బాకీ మొత్తం తీరినట్టేనని వాళ్ల లెటరు తీసుకోండి. కాగితాలు అమ్ముకుని బతికేవాణ్ణి, కాగితం విలువ నాకు తెలుసు."

లెటరు వచ్చాకే డబ్బు కట్టారు. ఆ లెటరుకి ఆవిడ నాలుగు కాపీలు తీసుకుంది, తన మెషిను మీదే. తీస్తూ ఏడ్చింది.

మూణ్ణెల్లు గడిచాక నెలకి పదిహేను చొప్పున కాగితాలాయనకి కట్టింది. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన నోట్లన్నీ నిదానంగా లెక్కపెట్టి, రసీదు రాసిచ్చాడు.

"ఈ చివరిది వదిలెయ్యమంది మా ఆవిడ. నేనే కుదరదన్నాను. తగ్గించమని అడగకూడదని మీరు రాసుకున్నారు. తీసుకోకపోతే మిమ్మల్ని తక్కువ చేసినట్టవుతుంది" అన్నాడు.

అరువిచ్చినప్పటికంటే, వాయిదా జరిపినప్పటికంటే, ఆ డబ్బు తీసుకున్నందుకే ఆవిడకి ఆయన మీద ఎక్కువ కృతజ్ఞత కలిగింది. చేతులు జోడించి, పర్సు తెరిచింది.

"రెండు కట్టలు తెల్లకాగితం ఇవ్వండి అన్నయ్యగారూ. డబ్బులిచ్చే తీసుకుంటాను."