తోడికోడలి ఆటడబ్బా

మా తోడికోడలు పోయింది. దవాఖాన నుంచి మరిది ఫోన్ చేసి, "వదినా, ఇగ లేదు" అన్నాడు. పొయ్యి మీద అత్తమ్మకు జావ కాగుతోంది. అడుగంటుతుందని గరిటె తిప్పుతూనే ఉన్నాను. మా తోడికోడలు నాకంటే ఎన్నో ఏళ్ళు చిన్నది. పోవడంలో కూడా నన్ను దాటేసిందే అన్నది నాకు మొదట తోచిన మాట. ఏడుపు తర్వాత వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే చెప్పాలంటారు. చెప్పడానికి మంచి మాటలు చాలానే ఉన్నాయి, కానీ ప్రతి మాట పక్కనా నా కుళ్ళు కూడా కూర్చుని ఉంది. దాన్ని పక్కకు జరిపి రాయడం నాకు చేతకాదు.

నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీ చాలా ఇరుకు. ఆ రోజు అందులో కాలు పెట్టే సందు లేదు. ఆబిడ్స్ కోచింగ్ సెంటర్‌లో ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకుని ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు, పాత సామాన్ల దుకాణాలవాళ్ళు, లక్డీకాపూల్ ఆఫీసుల నుంచి ఎవరెవరో వచ్చారు. ఒక పెద్దమనిషి మా గడప పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరా అని అడిగితే, ప్రింటర్ బాగుచేయించుకోవడానికి వచ్చేవాడట. ప్రింటర్ కోసం ఇంత ఏడుపా! నేను పోతే ఎవరొస్తారు, నా చేతి పప్పు తిన్నవాళ్ళు ఇలా గడప పట్టుకుంటారా అనుకున్నాను. ఆమె బతికుంటే ఈ మాట ఆమెకే చెప్పేదాన్ని. పడీపడీ నవ్వేది.

నేను ఆ ఇంటి పెద్ద కోడలిని. వంటిల్లు నాది. ఆమె చిన్న కోడలిగా వచ్చేనాటికే ఆబిడ్స్‌లో పాఠాలు చెప్పేది, పెళ్ళయ్యాకా మానలేదు. సాయంత్రం నడుచుకుంటూ ఇంటికొస్తే హ్యాండ్‌బ్యాగులో పౌడరు డబ్బా ఉండాల్సిన చోట స్క్రూ డ్రైవర్ ఉండేది. ఏది చేతికిచ్చినా ముందు ఉఫ్ అని ఊదేది. "దులిపితే సగం బాగైతది అక్కా" అనేది. పాడైపోయిందని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. "ఖరాబ్ కాలే. దానికి ఇంకో పని సూడాలె, గంతే." మా మిక్సీ మోటారును పంకాగా మార్చింది కూడా ఈ మాట అంటూనే.

ఇక అత్తమ్మ సంగతి. అత్తమ్మకు నుమాయిష్ అంటే, ఏటా నాంపల్లిలో పెట్టే ఎగ్జిబిషన్ అంటే ప్రాణం. ఏటా నేనే తీసుకుపోయేదాన్ని, సంచులు నేనే మోసేదాన్ని. వీడియో గేముల స్టాల్ ముందుకు రాగానే ఆమె ఆగిపోయేది. కాళ్ళ నొప్పులు కదా, కాసేపు ఆగుతోందని నేనూ ఆగేదాన్ని. ఒక ఏడు చిన్న కోడలు కూడా మాతో వచ్చింది. ఇంటికొచ్చాక వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అంది.

"అక్కా, కాళ్ళు నొస్తే మనిషి కూసుంటది గదా. అత్తమ్మ నిలవడి సూసింది."

"ఏం సూసింది?"

"ఆట. పిల్లలు ఆడుతుంటె ఆమె చెయ్యి గూడ గట్లనే కదులుతుండె. నువ్వు సూడలే?"

నేను చూడలేదు. అన్నేళ్ళు పక్కన నిలబడి చూడనిది ఈమె ఒక్క సాయంత్రంలో చూసేసింది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. అత్తమ్మ మోకాళ్ళు ఏ మందుకు తగ్గుతాయో, ఏ కూర ఆమెకు పడదో అన్నీ నాకు తెలుసు. ఆమెకు ఏం కావాలో మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు తెలిసింది.

మరుసటేడు అత్తమ్మ మోకాళ్ళు పూర్తిగా మొండికేశాయి, నుమాయిష్ ఆగిపోయింది. అప్పుడే కోచింగ్ సెంటర్‌వాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే, తూకానికి పోయేవాటిని ఆటోలో వేసుకుని వచ్చింది మా చెల్లె. తోడికోడలిని నేను చెల్లె అనే పిలిచేదాన్ని. ముందు గది నిండా డబ్బా మానిటర్లు, దుమ్ము పట్టిన సీపీయూలు, చిక్కుపడిన వైర్లు. అత్తమ్మకు ఇంట్లోనే ఆట పెట్టాలని, వాటిలో బతికున్న ముక్కలన్నీ ఏరి ఒక కంప్యూటర్‌గా చేసింది. కీబోర్డు విప్పి, లోపలి చిన్న బోర్డు మాత్రం తీసుకుని దానికి వైర్లు అతికించి, పెద్ద పెద్ద బటన్లకు కలిపింది. మౌసుల్లో టిక్కుమనే స్విచ్చులు పీకి, ఆటను అటూ ఇటూ నడిపే కర్రకు నాలుగు వైపులా పెట్టింది. సెంటర్‌వాళ్ళ పాత టేబుళ్ళు కోసి చుట్టూ పెట్టె కట్టింది. నుమాయిష్‌లోలాగా నిలబడి ఆడే ఎత్తు కాదు, స్టూలు మీద కూర్చుని ఆడే ఎత్తు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే వెడల్పు.

మొదట కర్రగా గొడుగు ఊచ పెట్టింది. అత్తమ్మ వేళ్ళ కణుపులు వాచి ఉండేవి, సన్నటి ఊచ పట్టుకోలేకపోయింది. మా చెల్లె తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, చపాతీ కర్ర ఇస్తవా?"

"ఏం జేస్తవ్?"

"కోస్త."

"నీకు దిమాక్ ఉన్నదా? రేపు చపాతీలు దేనితోని చెయ్యాలె?"

"కొత్తది తెస్త. కానీ గీ కర్రె గావాలె. నీ చేతుల అరిగి నున్నగైంది. కొత్తదానికి గీ నునుపు యాడికెళ్ళి వస్తది?"

ఆ మాటకు పడిపోయి ఇచ్చేశాను. రంపంతో రెండు ముక్కలు చేసి ఇద్దరికీ చెరొకటి బిగించింది. అత్తమ్మ పట్టుకుని చూసి, "ఎంత నున్నగ జేసినవే బిడ్డా!" అంది, చిన్న కోడలితో. నున్నగా చేసింది నా చెయ్యి. ఏళ్ళ తరబడి ఆ కర్రతో నేను చేసిన చపాతీలకు ఆ నోటి నుంచి ఒక్క మంచి మాట రాలేదు. నా ఒళ్ళు భగ్గుమంది.

మొదటిసారి ఆన్ చేసిన రోజు తెర మూలకు ఊదా రంగు మచ్చ పడింది. ఎంత తిప్పలు పడినా పోలేదు. నేను వంటింట్లో కూనిరాగం తీశాను, అబద్ధమెందుకు. మర్నాటికి మచ్చ మాయమైంది. పాత టేప్ రికార్డర్ స్పీకర్లు మానిటర్ పక్కన పెట్టిందట, వాటిలోని అయస్కాంతం రంగులు చెరిపేస్తోందట. స్పీకర్లు కిందికి దించేసింది. నా సంబరం కూడా వాటితోపాటే దిగిపోయింది.

"గీ ముసల్దానికి ఆటలేందే, నలుగురు జూస్తె నవ్వుతరు" అని అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తలుపు దగ్గరికేస్త అత్తమ్మా. ఎవలు జూస్తరు?"

తలుపు వేసింది. కాసేపటికి లోపలి నుంచి అత్తమ్మ నవ్వు వినిపించింది. ఆ ఇంట్లో అన్నేళ్ళున్నా నేను ఎరగని నవ్వు. విమానాల ఆట అది. అత్తమ్మది ఎర్ర విమానం, మా చెల్లెది నీలం. రోజూ ఆమె ఆబిడ్స్ నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి అత్తమ్మ స్టూలు మీద సిద్ధంగా ఉండేది. "ఒసేయ్, గాడ గాడ, నీ మీదికొస్తుంది!" అని అరుపులు. బయట రైళ్ళ అనౌన్స్‌మెంట్లు కూడా ఆ అరుపుల్లో కలిసిపోయేవి. చుట్టాలొచ్చినా, పక్కింటివాళ్ళొచ్చినా అదే చూపించేది అత్తమ్మ. "మా చిన్నకోడలు జేసింది" అనేది. టీలు నేను తెచ్చేదాన్ని.

చెల్లె నన్ను పిలవలేదని కాదు. "రా అక్కా, ఒక్క ఆట" అని ఎన్నిసార్లు పిలిచిందో. పనుందని చెప్పేదాన్ని. నాకు కావలసింది ఆమె పిలుపు కాదు. అత్తమ్మ పిలవాలి. కోడళ్ళిద్దరిలో నేనూ ఒకదాన్నని ఆమెకు గుర్తుకు రావాలి. అత్తమ్మ పిలవలేదు, నేను గడప దాటి ఆ గదిలో కూర్చోలేదు. మా చెల్లెకు ఇదంతా తెలుసు. ఒకరోజు భోజనాల దగ్గర నా చెవిలో, "నువ్వు మా మీద కుళ్ళుకున్ననాడు పప్పు మస్తైతది అక్కా. జర రోజూ కుళ్ళుకో" అంది. నాకు నవ్వాగలేదు. కుళ్ళూ ఆగలేదు. ఇంకో మనిషైతే నా ముఖం చూసి ఎప్పుడో వేరుపడేది. ఆమె మాత్రం నా కోపానికి కూడా ఒక పని చూసిపెట్టింది.

జబ్బు ఆమెను ఎక్కువ రోజులు మంచాన ఉంచలేదు. దవాఖానకు పోయేటప్పుడు కూడా గుమ్మంలో ఆగి, "అత్తమ్మ వేళ్ళకు నూనె రాయి అక్కా" అంది. అది నేను రోజూ చేసే పనే. అయినా ఆ పని ఆమె నోట వినేసరికి నాకు చురుక్కుమంది.

దినాలయ్యాక ఒక మధ్యాహ్నం అత్తమ్మ మంచం మీంచి కేకేసింది. "పెద్దదానా, గా డబ్బా జర పెట్టు."

స్విచ్ వేశాను. లోపలి పంకా దుమ్ముతో గరగరమంది, తర్వాత సర్దుకుంది. అత్తమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. తన బటన్ నొక్కింది. పక్కకు వంగి రెండో బటన్ కూడా నొక్కింది. తెర మీదికి ఎర్రదీ నీలందీ రెండు విమానాలూ వచ్చాయి. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు.

"గాడ నిలవడ్డవేందే? రా, గీడ కూసో."

పిలిచింది. వెళ్ళి మా చెల్లె స్టూలు మీద కూర్చున్నాను. నీలం విమానం కర్ర మీదికి చెయ్యి చాపాను. అత్తమ్మ ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టకు. దాన్ని గట్లనే ఉండనీ."

ఆమె వైపు తూటాలు వాటంతటవే పేలుతాయి. వేళ్ళ నొప్పులకు మా చెల్లె అలా చేసిపెట్టింది, కుడిచెయ్యి ఒక్కటి చాలు. ఆ కుడిచెయ్యి ఎర్ర విమానాన్ని తీసుకొచ్చి నీలం దాని ముందు నిలబెట్టింది. పైనుంచి వచ్చే తూటాలన్నీ ఎర్రదానికే తగులుతున్నాయి. ఒక ప్రాణం పోయింది.

"అత్తమ్మా, జరుగు. నీది పోతది."

"పోనీ."

ఆ కదలని నీలం విమానాన్ని చూస్తే నాకు కడుపు మండిపోయింది. నా కోసం ఎవరైనా అలా నిలబడతారా? మండుతూనే కళ్ళు నిండాయి, తెర మసకబారింది. ఎర్ర విమానం మళ్ళీ వచ్చి దాని ముందే నిలబడింది. అత్తమ్మ ఎడమచెయ్యి నా మణికట్టు మీదే ఉండిపోయింది.