అమ్మమ్మ నాటిన తెల్ల అంజూరం

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనేవారు. పగలంతా జిప్పులు మార్చడం, అంచులు మడిచి కుట్టడం ఆమె పని. సాయంత్రం పెరట్లోకి వెళ్ళిందంటే మాత్రం ఒళ్ళు తెలిసేది కాదు. అక్కడ ఉన్నవన్నీ పాతకాలపు పండ్ల రకాలే. వాటిలో ఆమెకు ప్రాణం, అమ్మమ్మ నాటిన తెల్ల అంజూరం.

ఆదివారాలు ఆ వీధిలోనే ఉండే ఒక వ్యాన్ డ్రైవర్ గ్యారేజీలో ఇలాంటి మొక్కల పిచ్చివాళ్ళు చేరేవారు. తడిగుడ్డలో చుట్టిన కొమ్మ ముక్కలు చేతులు మారేవి. కొమ్మకు కొమ్మే బదులు. టైలరమ్మ మాత్రం అడిగినవాళ్ళకల్లా ఊరికే కోసిచ్చేది.

"ఇలా పంచితే చెట్టుకు గుండు కొట్టినట్టవుతుందే," అనేవాడు భర్త.

ఒక వానాకాలం పెరట్లో నీళ్ళు నిలిచి అంజూరం వేళ్ళు కుళ్ళిపోయాయి. కొమ్మ గీరి చూస్తే లోపల పచ్చదనం లేదు. ఆమెకు రెండు రోజులు ముద్ద దిగలేదు. తరువాత వెతకడం మొదలుపెట్టింది. తను కొమ్మ ఇచ్చిన వ్యాన్ డ్రైవర్ దగ్గర మొక్క ఎప్పుడో ఎండిపోయింది. ఎండకముందు ఒక ముక్క నర్సుకు ఇచ్చాడట. నర్సు ఇల్లు మారుతూ దాన్ని లిఫ్టు మెకానిక్‌కి ఇచ్చేసిందట.

టైలరమ్మ బస్సెక్కి ఆ మెకానిక్ వర్క్‌షాపుకు వెళ్ళింది. వెనకవైపు అడుగుపెట్టి ఆగిపోయింది. రేకుల కప్పు దాటి, పక్క మేడ రెండో అంతస్తు కిటికీని తాకుతూ నిలబడి ఉంది చెట్టు. పెరట్లోది ఏనాడూ ఇంత ఎదగలేదు.

"దీని తల్లి మీ ఇంట్లోనే ఉండేదటగా అక్కా," అన్నాడు మెకానిక్.

"తల్లి కాదు తమ్ముడూ. గింజ మొలిస్తే బిడ్డ. కొమ్మ నాటితే అదే చెట్టు."

ఆ మాట గ్యారేజీలో ఎంతమందికో చెప్పింది. ఇప్పుడు ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. అమ్మమ్మ చెంబుతో నీళ్ళు పోసిన ప్రాణమే ఇది. ముక్కూమొహం తెలియని మనుషుల చేతులమీదుగా వచ్చి ఇక్కడ నిలబడింది.

"మా చెల్లెలి ఇంట్లోనూ ఉంది. ఇంకా ఎవరెవరు పట్టుకెళ్ళారో నాకే గుర్తులేదు," అంటూ అతను ఒక పండు కోసిచ్చాడు.

చీలిస్తే అదే తేనెరంగు. తింటూ చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించింది.

"ముక్క కావాలంటే బదులేం తెచ్చారు మరి?" అన్నాడతను నవ్వుతూ. ఆమె ఖాళీ చేతులు చూసుకుంది. "ఊరికే అన్నాలెండి," అని తనే కోసిచ్చాడు.

ఇంటికి రాగానే భర్త ఎదురొచ్చాడు. "దొరికిందా? చెట్టు ఎంతుంది?"

ఆమె చేతులు చాపి చూపించబోయి, చాలక ఊరుకుంది.