పైకెక్కి చూసిన భూగర్భ స్టేషన్

మా ఊళ్లో మెట్రో రైలు నెత్తి మీద నుంచి పోతుంది. ఢిల్లీలో అక్క ఇంటి నుంచి ఆసుపత్రికి మాత్రం భూమి లోపలి నుంచి పోతుందట. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అక్కకు నెలలు నిండుతున్నాయి. ప్రయాణం వద్దని డాక్టరు చెప్పింది కాబట్టి పురిటికి అమ్మే వెళ్లాలి.

"పానముండంగనే మట్టిలకు వోతరా ఎవరన్న? నేను పోను," అని రహమత్ నగర్ ఇంట్లో మొండికేసి కూర్చుంది.

మా బాబాయి సినిమా సెట్లు వేసే వడ్రంగి. "ఫికర్ చెయ్యకు వదినా, ఫిలింనగర్‌ల గసుంటి స్టేషనే కట్టినం. జర కూసొని చూడు, అలవాటైతది," అని ఆటో తెచ్చాడు.

ఆటో గుట్ట ఎక్కింది. దిగి మేము ఇంకొంత ఎక్కాం. సినిమా కథలో అది కొండల ఊరి కింద తొలిచిన స్టేషన్. కట్టింది మాత్రం బండల మీద, చెక్క మెట్లెక్కి పోయేలా. అబద్ధమెందుకు, లోపలికి వెళ్లగానే నోరు తెరిచాను. పెద్ద పెద్ద రాతి కమానులు, నీలం పెంకుల గోడలు. అంతా థర్మాకోల్. పైకప్పు లేదు, ఎండ మాడు పగలగొడుతోంది.

అయినా అమ్మకు ఊపిరాడలేదు. "గాలి లేదురా గీడ," అంటూ కొంగుతో విసురుకుంది. ఆకాశం చూపించాను. నమ్మలేదు. నాకు ఒళ్లు మండింది.

బాబాయి ఆమెను ఒక పక్క గోడే లేని రైలు పెట్టెలో, ప్రయాణికుల వేషం వేసినవాళ్ల మధ్య కూర్చోబెట్టాడు. రిహార్సల్ మొదలైంది. నలుగురు మనుషులు దుంగలతో పెట్టెను ఊపారు, ఇద్దరు లైట్లు పట్టుకుని పక్కన పరిగెత్తారు. అమ్మ కెవ్వుమంది. దర్శకుడు కుర్చీలోంచి లేచాడు.

"అద్భుతమండీ అమ్మగారూ! ఈసారి కెమెరా పెడతాం. మళ్లీ అలాగే భయపడండి."

రెండోసారి అమ్మ దర్జాగా కూర్చుంది. మూడోసారి పక్కనున్నామెను ఏ ఊరని అడిగింది.

"భయపడండమ్మా!" అని దర్శకుడు బతిమాలాడు.

"పోయింది సార్. ఇప్పుడు యాడికెల్లి తేవాలె?"

ఆయన నా వంక చూశాడు, మా అమ్మను భయపెట్టడం నా ఉద్యోగమైనట్టు. చివరికి తానే ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "పోనీ, మీకు అన్నిటికన్నా ఎక్కువ భయం దేనికో, అది తలుచుకోండి."

లైట్లు పరిగెత్తాయి. అమ్మ మొహం మారిపోయింది. అలాంటి మొహం నేనెప్పుడూ చూడలేదు. దర్శకుడు సంబరంగా రెండు చేతులూ ఎత్తాడు. అమ్మ ఊగుతున్న పెట్టెలోంచి లేచి, కెమెరాకు అడ్డంగా నడిచి నా దగ్గరికి వచ్చింది.

"అల్లుడు డ్యూటీకి వోయినంక అది ఒక్కతే ఉంటదిరా. నొప్పులొస్తే చెయ్యి పట్టుకునేటందుకు ఎవ్వరు లేరు. టికెట్ తియ్యి. ఇయ్యాలనే పోవాలె."

ఎవరూ ఆపమనలేదు కాబట్టి దుంగలవాళ్లు ఖాళీ సీటును ఊపుతూనే ఉన్నారు. నేను ఫోన్ తీసేలోపే అమ్మ మెట్లు దిగిపోతోంది.