బస్తాల మధ్య పాట

బాన్సువాడలో ఒకప్పుడు పాటకు మంచి చోటు ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అది హాలు కాదు, గుడీ కాదు. ఒక రైసుమిల్లు గోదాము.

తొంభైల్లో ప్రతి శనివారం సాయంత్రం మేం ఐదారుగురం అక్కడ కూర్చునేవాళ్లం. కాలువల ఆఫీసులో గుమస్తా పని ముగించుకుని నేను వెళ్లేసరికే మా పాటగాడు దర్జీ అన్న హార్మోనియం ముందు పెట్టుకుని ఉండేవాడు. తబలా ఆయన మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి డోంగ్లి నుంచి బస్సులో వచ్చేవాడు. తత్వాలు, భజనలు అయ్యాక ఆయన ఒక మరాఠీ అభంగం ఎత్తుకునేవాడు. హమాలీలు బస్తాల మీదికెక్కి కూర్చుని వినేవారు.

మూడు వైపులా వడ్ల బస్తాలు ఉండడంతో శబ్దం గోడకు తగిలి తిరిగొచ్చేది కాదు. దర్జీ అన్న మామూలు గొంతుతో పాడితే చివర కూర్చున్న హమాలీకి కూడా ప్రతి మాటా వినపడేది. బస్తాలు లారీలెక్కి గోదాము ఖాళీ అయితే మాత్రం ఆయన పాడేవాడు కాదు. "గోడలు నాతోటి లడాయి పెట్టుకుంటున్నయ్ సార్. వడ్లు రానీ" అనేవాడు. కోతలయ్యాక మళ్లీ మొదలు. ఏ శనివారం ఎన్ని వరుసల బస్తాలున్నాయో, ఆ రోజు పాట ఎలా కుదిరిందో నా డైరీల్లో రాసి ఉంది. ఎనిమిది వరుసలు దాటితే ఇక తిరుగులేదు.

రెండు వేల సంవత్సరం దాటాక మిల్లు మూతపడింది. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన యజమాని అదే స్థలంలో ఫంక్షన్ హాలు కట్టించాడు. ప్రారంభానికి ముందు నన్ను పిలిచి, "మీ పాటతోనే మొదలెడదామండీ. ఇకమీదట శనివారాలు మీవే" అన్నాడు. నేను దర్జీ అన్నను అడగకుండానే సరేనన్నాను. పైగా మైకు సెట్టు కూడా నేనే మాట్లాడాను. గోనెల మధ్య పాడిన మనిషిని వేదిక మీద చూడాలని నా ఆశ.

ప్రారంభం రోజు ఉదయం హాలు నిండా జనం. నున్నటి బండలు, రేకుల కప్పు. మైకు అతను, "ఎకో పెట్టిన అన్నా, సినిమా లెక్క వస్తది" అన్నాడు. దర్జీ అన్న మొదటి చరణం సగానికి వచ్చి ఆగాడు. మళ్లీ ఎత్తుకుని మళ్లీ ఆగాడు.

"ఏందే, కరెంటు పోయిందా?" అన్నారెవరో ముందు వరుసలో. నవ్వులు లేచాయి.

ఆయన హార్మోనియం మూసి నా దగ్గరికి వచ్చాడు. "నా గొంతు నాకంటే ఎన్కకు వస్తుంది సార్. దానికోసం ఆగితే తబల ముంగట పోతుంది."

"వచ్చే శనివారం మైకు వద్దులే అన్నా."

"మైకుది కాదు సార్, జాగ మంచిగ లేదు."

నిజమే. ఆ తర్వాత ఆయన అక్కడ అడుగుపెట్టలేదు. నేను వెతకడం మొదలుపెట్టాను. బడిలో గది అడిగితే అనుమతి కావాలన్నారు. గ్రంథాలయం పక్కనే బస్సుల హారన్లు. గుడిలో హారతికి డోలూ గంటా కొట్టే కరెంటు మిషను వచ్చింది, మాతో పని లేదు. ఇంట్లో కుట్టుమిషను ఉన్న గదిలోనైనా సాధన చేయమంటే, "ఉన్నది ఒక్క అర్ర సార్. మిషిను నడవాల్నా, నేను పాడాల్నా?" అనేవాడు.

అలా మూడేళ్లు గడిచాయి. చివరికి పిట్లం రోడ్డులో ఒక వడ్ల గోదాము దొరికింది. నేనే లెక్కపెట్టాను, పది వరుసలు. ఒక ఆదివారం పొద్దున ముగ్గురం వెళ్లాం. దర్జీ అన్న కొత్త చొక్కా వేసుకొచ్చాడు.

మొదటి పాటలో పై స్వరం అందలేదు. శ్రుతి ఒక మెట్టు దించాడు. ఊపిరి చరణం మధ్యలోనే అయిపోయింది. ఇంకో మెట్టు దించాడు. గొంతు జీరబోయి, దగ్గు వచ్చింది. ఏళ్ల తరబడి ఆయన పక్కన వాయించిన తబలా ఆయన తలెత్తలేదు.

దర్జీ అన్న చుట్టూ బస్తాల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి పచ్చి వడ్లు సార్. తడి ఉన్నది. గొంతును గుంజుకుంటున్నయ్."

నా చేయి పక్కనున్న బస్తా మీదే ఉంది. గింజలు గలగలమనేంత ఎండి ఉన్నాయి.

"అవునన్నా, పచ్చిగనే ఉన్నయ్" అన్నాను.

హార్మోనియం ఆటోలో పెట్టుకుని ఇంటికొచ్చేశాం. తబలా ఆయన డోంగ్లి బస్సెక్కాడు. తర్వాత నేను మరో చోటు వెతకలేదు. దర్జీ అన్న మాత్రం, నేను ఆ వీధిలో కనబడినప్పుడల్లా కుట్టుమిషను ఆపి పిలిచేవాడు.

"ఏమన్న జాగ దొరికిందా సార్?"

"చూస్తున్నా అన్నా."

"ఫికర్ లేదు, మెల్లగ చూడుండ్రి" అని మళ్లీ మిషను మీదికి వంగేవాడు.