కాగితం వెనక వైపు

పోయిన ఆగస్టు రెండో ఆదివారం, పొద్దున పదీ నలభైకి నేను తప్పు చేశాను. పెడన పక్కనున్న గూడూరు దగ్గర మా ఊరి చర్చిలో, అందరి ముందూ, కళ్ళజోడు పెట్టుకుని మరీ చేశాను.

మా ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పూటపూటా అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చిలోని డ్రమ్ములో కుమ్మరిస్తాం. నాకు వచ్చేది వితంతు పింఛను. నోటు తీసి ఇవ్వాలంటే చెయ్యి వెనక్కి పోతుంది. గుప్పెడు బియ్యం పోయినట్టే తెలియదు. ఒక ముద్ద తక్కువ తింటే ఎవరూ చచ్చిపోరు. దానం చెయ్యడానికి డబ్బుండాలనే వాళ్ళతో నేను వాదించను, డబ్బా చూపిస్తాను.

ఆ బియ్యం నెలకోసారి కష్టంలో ఉన్న ఇళ్ళకు వెళ్తుంది. ఏ ఇళ్ళకో పాస్టరుగారి భార్యకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆవిడను అమ్మగారంటాం.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై మూడో ఏట. ఆ ఆదివారం అమ్మగారికి గొంతు పోయింది. బియ్యం ఇచ్చినవాళ్ళ పేర్లు చదవమని కాగితం నా చేతిలో పెట్టారు. ముందు వైపంతా కూడబలుక్కుని చదివాను, ఒక్క పేరూ తప్పు పోలేదు. తిప్పితే వెనక కూడా రాసి ఉంది. చదువు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఒక రోగం ఉంటుంది. కనబడిన అక్షరాన్నల్లా చదివేస్తారు, బస్సు మీదైనా, మందు సీసా మీదైనా. 'ఈ నెల బియ్యం అందవలసినవారు' అని ఉంటే అదీ చదివాను. అక్షరం మీద పెట్టిన కన్ను అర్థం మీద పెట్టలేదు. అమ్మగారు లేచి చెయ్యి ఊపేసరికి మూడో పేరు కూడా నోట్లోంచి వచ్చేసింది.

మొదటి ఇద్దరూ దిక్కులేని ముసలివాళ్ళు, వాళ్ళ సంగతి ఊరికి తెలిసిందే. మూడోది పెడనలో బట్టల అద్దకం పనికి వెళ్ళే ఒక కోడలి పేరు. ఆమె భర్త రొయ్యల చెరువు గట్టు మీద జారిపడి, కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అత్త ఆమె పక్కనే కూర్చుని ఉంది. అత్త తల తిప్పి చూసింది. కోడలు లేచి బయటికి వెళ్ళిపోయింది.

అమ్మగారు నన్ను తిట్టలేదు. "ఇక వాళ్ళత్త ఆ బియ్యం గడప దాటనివ్వదండీ. ఆ అమ్మాయి కూలి మందులకే చాలదు. ఏం తింటారు?" అన్నారు, ఆ పోయిన గొంతుతోనే.

వాళ్ళింటికి బియ్యం సంచి నేనే మోస్తానన్నాను. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరం వెళ్ళాం. అమ్మగారు గేటు దగ్గరే నిలబడిపోయారు. అత్త అరుగు మీద ఉంది.

"అక్కడే ఆగు వదినా. చదువు బాగా వచ్చిందే నీకు. చివరి బెంచీ దాకా వినబడింది."

"తప్పు నాది. నీ కోడల్ని ఏమీ అనకు."

"ఏమంటాను? మూడు నెలల నుంచి పనిచేసేచోట ఇచ్చారని చెప్పి వండి పెట్టింది. ఒక మెతుకు సన్నం, ఒక మెతుకు లావు. ఇదేం రకమే అని అడిగాను కూడా. తీసుకుపో. మా ఇంట్లో ఎవరూ అడుక్కుతినలేదు."

పక్కింటావిడ బిందె నిండిపోతున్నా కుళాయి కట్టకుండా వింటోంది. వింటే విననీ అనుకున్నాను.

"ఆ సన్నం, లావు కలిసిన అన్నం నేనూ తిన్నాను," అన్నాను. "మా ఆయన పోయిన ఏడాదంతా అదే. నువ్వు కాపరానికి వచ్చినప్పటి నుంచీ గుప్పెడు వేస్తూనే ఉన్నావు కదా, నేను తిన్నదాంట్లో నీదీ ఉంది. కాగితం చదివే మొద్దు అప్పుడు లేదు గనక నీకు తెలియలేదు. చెప్పు, నేను అడుక్కుతిన్నదాన్నా?"

ఈ మాట నా పిల్లలకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆమె నా వైపు కాకుండా సంచి వైపు చూసింది.

"ఆ ఏడు నేను వేసినవి కోటా బియ్యం," అంది. "నూకలు."

"నూకలే. జావ కాచుకున్నాను."

ఆమె లోపలికి తల తిప్పింది. "అమ్మాయ్, చేట పట్రా. మీ పెద్దమ్మ తెచ్చినవాటిలో రాళ్ళున్నాయేమో."

కోడలు చేట తెచ్చింది. నా మొహం చూడలేదు. ఇప్పటికీ నాతో మాట్లాడదు, మాట్లాడమని అడిగే మొహం నాకూ లేదు.

ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్నవాళ్ళు: అరుగు మీద అత్త, చేటతో కోడలు, లోపల మంచంలో కట్టు కాలుతో కొడుకు, కుళాయి దగ్గర పక్కింటావిడ, గేటు పట్టుకుని అమ్మగారు, నేను. ఈసారి పేర్లు చదవను.