తాడు పట్టే మనిషి

కొండతేనె తీయడానికి చెంచులు తాడు పట్టుకొని లోయలోకి దిగుతారు. పైన కూర్చొని ఆ తాడు కాసేది అన్నో తమ్ముడో కాదు, కన్నకొడుకు కూడా కాదు, బామ్మర్ది. మిగతావాళ్ల ప్రేమ ఎంతో ఎవరు చూశారు గానీ, బామ్మర్దికి మాత్రం తన తోడబుట్టినదాని పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతుంటాయి. అచ్చంపేట దాటి అడవిలోకి పోతే వచ్చే చెంచుపెంటలో, పదిపదిహేను గుడిసెల ఆ గూడెంలో, ఇంతకన్నా గట్టి పూచీ ఇంకొకటి లేదు.

చిగుర్ల ఈదన్న మీసాలు రాకముందు నుంచే బావ మల్లన్నకు తాడు పట్టాడు. మల్లన్న ఈదన్న అక్క శాంతమ్మ మొగుడు. తాడు చేతిలో ఉన్నంతసేపు ఈదన్న ఉమ్మి కూడా వేసేవాడు కాదని పెంటలో ఎకసెక్కాలాడేవారు.

పెళ్లాం జ్వరంతో పోయాక ఈదన్న మనిషే మారిపోయాడు. పెంటలో ఇప్పసారా లేదని కాదు. దేవుడికి పోసి, పెద్దలకు పోసి, నలుగురూ కూర్చొని తాగేది అది. ఈదన్న తాగింది బెల్టుషాపు సీసా. అదీ ఒంటరిగా, గుడిసె తడిక దగ్గరికి వేసుకొని. పోయినేడు తేనె కాలంలో అలా తాగే కొండకు వచ్చాడు. ఎండకు కునుకు పట్టింది, తాడు జారింది. మల్లన్న కింద రాతి అరుగు మీద పడ్డాడు కాబట్టి పక్కటెముకలతో పోయింది.

ఈదన్నను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. కొట్టినా ఓర్చుకునేవాడు. పిలవడం మానేశారు, అంతే. వేటకు పిలవరు, పండగకు పిలవరు. శాంతమ్మ ఎదురుపడితే కొంగు సర్దుకొని పక్క దారి పట్టేది. ఇంక తాగక ఏం చేస్తాడు? తాగి తాగి ఒకరోజు అచ్చంపేట బస్టాండులో ఒక దుకాణదారుతో పెనుగులాడి అతని నొసలు చిట్లగొట్టాడు. కేసయింది.

కోర్టు మొదట అతన్ని పట్నంలోని మందు మాన్పించే కేంద్రానికి పంపింది. అక్కడివాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కాకపోతే కిటికీలకు ఊచలు. రోజూ పొద్దున అందరూ గుండ్రంగా కూర్చొని ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు తమ బాధ చెప్పుకోవాలి. పోయిన పెళ్లాం పేరు పరాయివాళ్ల ముందు పలకడమంటే ఈదన్నకు ప్రాణం పోయినట్టే. నోరు విప్పలేదు. సందు దొరకగానే పారిపోయాడు, దారిలో దొరికిపోయాడు.

ఇక జైలే అనుకుంటుండగా న్యాయసేవల తరఫున పనిచేసే ఉమ మేజిస్ట్రేటు మేడంకు ఒక మాట చెప్పింది. బిజినేపల్లి పిల్ల, పెంటలన్నీ కాళ్లరిగేలా తిరిగింది. ఈ మనిషిని అడవి నుంచి తెచ్చి బాగుచేయలేమనీ, అతని వాళ్ల మధ్యే ఉంచి, వారం వారం దవాఖానకు తెచ్చే పూచీ ఎవరైనా తీసుకుంటే మేలనీ ఆమె వాదన. మేడం ఒప్పుకుంది. నీకు పూచీ ఎవరని అడిగింది. ఈదన్న ఆలోచించకుండా, "మా బావ" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

ఆ సంగతి చెప్పడానికి ఉమ పెంటకు పోతే పెద్దలు విస్తుపోయారు. బావకు బామ్మర్ది పూచీ. బామ్మర్దికి బావ పూచీ ఉండటం తాతముత్తాతల నాటి నుంచి ఎవరూ వినలేదు. పైగా పక్కటెముకలు విరగ్గొట్టినవాడికి! మల్లన్న అంతా విని లేచి గుడిసెలోకి పోయాడు.

వాయిదా నాడు ఈదన్న కోర్టు గోడకు ఆనుకొని తల వంచుకొని నిలబడ్డాడు. ఎవరూ రారని అతనికి తెలుసు. మల్లన్న వచ్చాడు. ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వచ్చి, మేజిస్ట్రేటు ముందు చేతులు కట్టుకున్నాడు.

"గిన్నాళ్లు నేను కింద ఉంటి, ఆయన పైన కూసుండె. ఇప్పుడు ఆయన కిందికి దిగిండు మేడం. తాడు నేను పడ్త."

ఆ తర్వాతి నెలల్లో వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దవాఖానకు కలిసే పోయేవారు, బల్ల మీద చెరో కొసన కూర్చునేవారు. సాయంత్రం మందు లేక ఈదన్నకు ఒళ్లంతా వణుకు పుట్టే వేళకు మల్లన్న వచ్చి గుడిసె ముందు నార పేనుకుంటూ కూర్చునేవాడు. శాంతమ్మ సంగటి గిన్నె గడపలో పెట్టి, మొహం చూడకుండా పోయేది. పక్కన మనుషులుండగా ఉండే ఒంటరితనం తాగి పడిపోయిన ఒంటరితనం కన్నా బరువని ఈదన్నకు అప్పుడు తెలిసింది. ఇప్పపూలు రాలి పెంటంతా వాసన కమ్మినప్పుడు గుడిసెలో పడుకొని ఏడ్చాడు. బయట నార పేనుతున్న చప్పుడు ఆగలేదు.

కోర్టు పెట్టిన గడువు తీరింది. మేడం మెచ్చుకొని కేసు మూసేసింది, ఉమ సంబరంగా చాయ్ తాగించింది. ఈదన్నకు ఆ చాయ్ రుచి తెలియలేదు. కోర్టు వదిలింది సరే, కొండ సంగతేంటి? అతనికి కావలసిన తీర్పు అక్కడుంది.

తేనె కాలం వచ్చింది. మగవాళ్లంతా కొండకొసన చేరారు. వెనకగా ఒక చెట్టుకింద నిలబడ్డ ఈదన్న దగ్గరికి మల్లన్న వచ్చి, ఆ నెలలన్నీ పేనిన కొత్త తాడు చేతుల్లో పెట్టాడు. ఏడాదిగా దేనికోసం బతికాడో అది చేతికొచ్చింది. ఈదన్న తాడు వంక చూశాడు, తన వేళ్ల వంక చూశాడు. సన్నగా, ఇంకా, వణుకుతున్నాయి.

"చెయ్యి నిలుస్తలేదు బావా," అన్నాడు. "ఈయేడు నాతోని గాదు."

తాడు తిరిగి ఇచ్చేశాడు. మల్లన్న పాలివాడు, అన్నదమ్ముల వరసవాడొకడు ముందుకొచ్చి తాడు తాను పడతానన్నాడు. మల్లన్న తల అడ్డంగా ఊపి, తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు.

"అయితే ఈయేడు నేను దిగ. తేనె యాడికి పోతది?"

ఆ ఏడు ఆ కొండ తేనె ఈగలకే మిగిలింది. పెంటలో కొందరు సణిగారు, సణగరా మరి, సంవత్సరానికంతటికీ వచ్చే రాబడి అది. సాయంత్రం శాంతమ్మ గిన్నె తెచ్చి గడపలో పెట్టింది. పెట్టి వెళ్లిపోలేదు. తమ్ముడు తినేదాకా అక్కడే కూర్చుంది.